కాంతమ్మత్త ఎదురు

పాకల ఊరి సముద్రపు ఒడ్డున వ్యాను పక్క తలుపు తెరిచి, స్టవ్ మీద టీ పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడే తెల్లారుతోంది. కొంచెం దూరంలో చేపల పడవ ఒకటి బయల్దేరబోతోంది. దాని ముందు కొస దగ్గర కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారు. ఇంజను అందుకుంది. కర్పూరం వాసన, డీజిలు పొగ కలిసి నా ముక్కుకు తగిలాయో లేదో, చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి లేచి వ్యాను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. నిలబడ్డాక గానీ ఏం చేశానో తెలియలేదు. నన్ను ఎవరూ వెళ్ళమనలేదు. వెళ్ళమనే మనిషి పోయి కూడా చాలా కాలమైంది.

ఆ మనిషి కాంతమ్మత్త. దోర్నాల కూడలిలో శ్రీశైలం వెళ్ళే యాత్రికులకు వ్యాన్లు బాడుగకు తిప్పేది. ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయాడు. వ్యాపారం ఆవిడదే, వ్యాన్లూ ఆవిడవే. కానీ తెల్లవారి బండి ముందు కర్పూరం వెలిగించి, టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించే వేళకు ఆవిడ ఆఫీసు తలుపు వెనక ఉండేది. దేవుడి దగ్గరికి పోయేవాళ్ళకు ముండమోపి ఎదురు రాకూడదు కదా! బండి మలుపు తిరిగిన చప్పుడు విన్నాకే బయటికి వచ్చి, ఏమీ జరగనట్టు డ్రైవర్లను తిట్టడం మొదలుపెట్టేది.

నన్ను ఆవిడ మార్కాపురం నుంచి తెచ్చుకుంది. మా నాయనకు అక్కడ కిరాణా దుకాణం. పెళ్ళయిన మూడో ఏటనే నా భర్త పోతే పుట్టింటికి వచ్చాను. పొద్దున దుకాణం తలుపు తీశాక బోణీ అయ్యేదాకా నేను వంటింట్లోంచి కదలకూడదని ఎవరూ నాతో చెప్పలేదు. నేను కదిలినప్పుడల్లా నాయన దగ్గేవాడు, అంతే. దూరపు చుట్టరికం పట్టుకుని ఒకరోజు కాంతమ్మత్త వచ్చి దుకాణం ముందే కుర్చీ వేసుకుంది.

"ఏంది రంగయ్యా, కూతుర్ని బోణీ అయ్యేదాకా దాచిపెడ్తాండావంట? నా కాడికి పంపు. దాక్కునేదానికి నా కాడ చోటు బాగా ఉంది" అన్నది.

నాయన నవ్వలేదు. ఆ సాయంత్రమే నా బట్టలు సర్దించాడు.

ఫోన్లు తీయడం, యాత్రికులకు సీట్లు చెప్పడం నా పని. పొద్దున కర్పూరం వెలగ్గానే నన్నూ తనతో తలుపు వెనక్కి వెళ్ళమనేది. మధ్యాహ్నాలు ఖాళీ. ఊరి బయట పశువుల బయల్లో పాత వ్యాను మీద కాంతమ్మత్త నాకు డ్రైవింగ్ నేర్పింది. తను ఎక్కడ నేర్చుకుందో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. క్లచ్ సరిగా వదలకపోతే మోకాలి మీద కొట్టేది. "ముందల ఏం వస్తాందో చూడు అమ్మీ. ఎవురొస్తాండారని చూడొద్దు" అనేది. ఆ మాట నాకెంత నచ్చిందో! ఈవిడ నన్ను తలుపు వెనకనుంచి ఏకంగా స్టీరింగు ముందుకు తెస్తోందని పొంగిపోయాను. చేయి తిరిగాక, ఒక ట్రిప్పు నన్ను తోలనివ్వమన్నాను.

"యాత్రకు పోయేటోళ్ళు బండిలో నీ మొగం చూస్తే దిగిపోతారు" అన్నది.

"నువ్వే అట్లంటే ఎట్లత్తా?"

"నేను అనకపోతే వాళ్ళంటారు. నా నోట ఇంటే నొప్పి తక్కువ."

తక్కువ కాలేదు. నాయన దగ్గుకంటే ఆ మాటే ఎక్కువ నొప్పించింది. ఇప్పటికీ ఆవిడను నేను పూర్తిగా క్షమించలేదు.

ఒక పొద్దున ఎవరో పసిపిల్ల స్వెట్టరు ఆఫీసు బల్ల మీదే మర్చిపోయారు. చలికాలం. బండి కదలబోతోంది. నేను లోపల ఫోన్లో ఉన్నాను. కాంతమ్మత్త అన్నీ మరిచి, స్వెట్టరు పట్టుకుని బండికి ఎదురుగా పరిగెత్తి, కిటికీలోంచి అందించి వచ్చింది. ఘాట్ రోడ్డులో ఆ బండి మలుపు దగ్గర బోల్తాపడింది. ప్రాణాలు పోలేదు గానీ కాళ్ళూ చేతులూ విరిగాయి. డ్రైవరు ఆసుపత్రి మంచం మీద ఏడుస్తూ తనకు కునుకు పట్టిందని తనే ఒప్పుకున్నాడు. ఆ మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. కూడలిలో టీ తాగే ప్రతివాడూ స్వెట్టరు కథే చెప్పాడు.

"వాడే నిద్రపోయినానంటాండాడు గదత్తా!" అని నేను అరిచాను.

"నన్ను చూడకపోయుంటే వానికి నిద్ర వచ్చేది కాదేమో" అన్నది. ఊరు అన్నందుకు కాదు, ఆవిడ నమ్మినందుకు నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఆవిడ ముందు గుమ్మం తొక్కనేలేదు. రాకపోకలన్నీ పెరటి దారినే.

మళ్ళీ ముందు గుమ్మంలోంచి వచ్చింది పాడె మీదనే. జ్వరం పట్టుకుని వారం తిరక్కుండా పోయింది. శవాన్ని వీధిలోకి తెచ్చేసరికి శ్రీశైలం వెళ్ళే బండి ఒకటి ఆగింది. లోపలివాళ్ళు దణ్ణం పెట్టి చేతులు కళ్ళకద్దుకున్నారు. "శవం ఎదురొచ్చింది. మంచి శకునం. దర్శనం బాగా అయితాదిలే" అన్నాడు ముందు సీటాయన తృప్తిగా. బతికున్నంత కాలం పనికిరాని ఎదురు, చచ్చాక పనికొచ్చింది. నేను పకపకా నవ్వాను. దుఃఖంతో మతి చెడిందనుకుని ఎవరో నన్ను పట్టుకున్నారు.

ఆవిడ పాత వ్యాను నాకు మిగిలింది. సీట్లు పీకించి చెక్క మంచం వేయించాను. ఏడాదికి ఒకసారి ఇలా సముద్రం పక్కన ఒక్కదాన్నే తిరుగుతాను. దారిలో అందరిదీ ఒకటే ప్రశ్న. వాడరేవు దగ్గర టీకొట్టాయన "మీవారు ఏరమ్మా?" అంటే, "ముందు బండిలో వెళ్ళిపోయారు" అన్నాను. పాపం, రెండు టీలు పార్సిల్ కట్టబోయాడు.

ఇక్కడ, పాకలలో, వ్యాను వెనక దాక్కున్న నన్ను పడవ దగ్గరి ముసలామె చూసింది.

"ఓమ్మా, ఆడ నిలబడితివేంది? ఇట్టా ఎదురు రా, పడవ పోతా ఉండాది!"

"నాకు మొగుడు లేడు" అన్నాను. పరిచయం లేని మనిషితో మొదటి మాట అది!

"నాకు మాత్రం ఉండాడా? దీంట్లోనే పోయినాడు" అని సముద్రం వైపు గడ్డం ఎత్తి, నా చేయి పట్టుకుని లాక్కుపోయింది. పడవలో ఉన్నది ఆమె కొడుకు. నా ముఖం చూసి నవ్వి, అలల్లోకి వెళ్ళిపోయాడు.

పొద్దెక్కేలోగా నేను బయల్దేరాల్సింది. తాళం తిప్పలేకపోయాను. ఆమె వల బాగుచేసుకుంటూ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. నేను నీళ్ళ మీదినుంచి చూపు తిప్పలేదు. మధ్యాహ్నం దాటాక పడవ వచ్చింది. చేపలు బాగా పడ్డాయట. "నీ ఎదురు మంచిది" అని నాలుగు చేపలు ఇవ్వబోయింది. మా ఇళ్ళల్లో చేపలు తినరని చెబితే, ఇంత బతుకూ బతికి చేప తినకపోవడమేమిటని నన్ను చూసి జాలిపడింది.

నాకు సంతోషం కలగలేదు. మంచి ఎదురంటే ఒప్పుకున్నట్టే, చెడ్డ ఎదురన్నా ఒప్పుకునేదాన్ని. ఆ పడవ రాకపోయుంటే తప్పు గాలిదనో, సముద్రానిదనో ఎవరు చెప్పినా నేను వినేదాన్ని కాదు. స్వెట్టరు సంగతిలో అత్త మీద అరిచిన నేనే! ఆవిడ నాకు రెండు నేర్పింది, బండి నడపడం, తలుపు వెనక నిలబడటం. ఏది బాగా వంటబట్టిందో ఆ పూట తెలిసింది.

మర్నాడు తెల్లారి మళ్ళీ కర్పూరం వాసన వచ్చింది. ముసలామె మళ్ళీ కేకేసింది. వెళ్ళి పడవకు ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాను.