మావయ్య వేసిన ముడి

నా చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే గోదావరి కాలవలు కట్టేసేవారు. మండపేట పక్కన మా ఊరి కాలవలో నీళ్లు లాగేసి అక్కడక్కడా మడుగులు మిగిలేవి. కొర్రమీనులన్నీ వాటిలో చేరేవి. అందరూ వలలు తెచ్చుకుంటే మా మావయ్య మాత్రం విల్లు పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. ఆయన మా అమ్మకి తమ్ముడు. ఒక కన్ను లేదు, కొడవలి తగిలి పోయిందని ఇంట్లో అనేవారు. ఉన్న ఒక్క కంటితోనే, నీళ్లలో నీడ కదిలితే చాలు, బాణం దింపేవాడు.

అది వెదురు విల్లు. బాణానికి కట్టిన నైలాను తాడు, వింటికి బిగించిన పాలపిండి డబ్బా మీద చుట్టి ఉండేది. చేపకి గుచ్చుకున్నాక తాడు పట్టి లాక్కోవడమే. ప్రాణం మీదికి తెచ్చేదీ ఆ తాడే. డబ్బా మీంచి సాఫీగా జారితే సరే, ఎక్కడైనా పట్టేసిందా, బాణం మధ్యలో ఆగి వేసినవాడి మొహం మీదికే తిరిగొస్తుంది. అందుకే తాడు బాణం తోకకి కాకుండా ములుకు దగ్గర కట్టాలి, వింటికి ముందు వైపునుంచే వదలాలి, వేసేముందు రెండు బారల తాడు చేత్తో లాగి చూసుకోవాలి.

"ముందు తాడు చూడు, తర్వాత చేపని చూడు" అని మావయ్య వందసార్లు చెప్పుంటాడు. నేను వందసార్లూ తలూపాను. కానీ కట్టేది ఆయనే అయినప్పుడు చూడ్డం దేనికి? దేవుడి గుళ్లో ప్రసాదాన్ని వాసన చూసి తింటామా?

మా అమ్మకి ఇదంతా గిట్టేది కాదు. ఆడపిల్ల మిషను కుట్టడం నేర్చుకోవాలి గానీ ఈ విల్లూ బాణాలేంటి అనేది. నేను రెండు రోజులు ఏడిస్తే చివరికి ఒక మాట అంది. "నీ చేత్తో ఒక్క చేప కొట్టి తే, వేసవంతా మావయ్య వెనకే తిరుగు. తేలేదో, రేపట్నుంచి మిషను దగ్గర కూర్చో." మావయ్య ఆ పక్కనే నిలబడి విన్నాడు. విన్నాడన్న సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున్నే విల్లు సిద్ధం చేసి నా చేతికిచ్చాడు. "చూసుకున్నావా కోడలా?" అన్నాడు. చూశానన్నాను. చూడలేదు.

మోచెయ్యంత కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి తేలింది. కనిపించిన చోటుకి కాస్త కిందికి గురి పెట్టాను. ఆ రోజు విల్లు ఎంతో తేలిగ్గా వంగింది. నాకు బలం వచ్చిందనుకుని మురిసిపోయాను. వదిలాను. బాణం నీళ్లని తాకనే లేదు. బారెడు దూరంలో టక్కున ఆగి, తోక వచ్చి నా గడ్డం మీద కొట్టింది. చేప మునిగిపోయింది.

చూస్తే తాడు వింటి కొమ్ముకి రెండు చుట్లు తిరిగి ముడిపడి ఉంది.

"నేనే వేశాను" అన్నాడు మావయ్య. దెబ్బ గట్టిగా తగలకుండా, విల్లు వంచి బిగించే అల్లెతాడు కూడా తనే వదులు చేశాడట. "చూశానన్నావుగా మరి."

నాకు ఒళ్లు మండిపోయింది. పాఠం చెప్పడానికి ఇంకో రోజే దొరకలేదా ఈయనకి? విల్లు బురదలో పడేసి ఇంటికొచ్చేశాను. తప్పు తనదేనని ఆయన అమ్మతో చెప్పాడు గానీ అమ్మ మాట అంటే మాటే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు, ఆ వేసవంతా మిషను చక్రం తిప్పుతూ కూర్చున్నాను. ఆయనతో మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం మావయ్య వచ్చి మిషను పక్కన కూర్చున్నాడు. "కొడవలి కాదే అమ్మా" అన్నాడు కన్ను చూపించి. "మా అన్నయ్య కట్టిచ్చిన తాడు. అన్నయ్యే కదా అని చూళ్లేదు. వాణ్ని నలుగురూ ఏమైనా అంటారని కొడవలన్నాం." నేను చక్రం ఆపలేదు. ఆయన చెప్పింది అర్థమైంది. కోపం మాత్రం పోలేదు.

మరుసటి వేసవికి అమ్మ మెత్తబడింది. మావయ్య విల్లు చేతికివ్వగానే రెండు బారల తాడు లాగాను, ములుకు దగ్గర ముడి గోటితో గిల్లి చూశాను, వింటి కొమ్ములు రెండూ తడిమాను. అంతా ఆయన ఎదురుగానే, ఆయన మొహం చూస్తూ చేశాను. ఆయన కోరుకున్నది అదే. అయినా ఆ ఒక్క కన్నూ నా మీదినుంచి తప్పించి నీళ్ల వైపు తిప్పుకున్నాడు. "అదీ, అలా చూసుకోవాలి" అన్నాడు నెమ్మదిగా.

ఇప్పుడు నాకు మనవలున్నారు. కొడుకు గ్యాస్ సిలిండరు బిగించి వెళ్లాక నేను మళ్లీ వెళ్లి తడిమి చూస్తే కోడలు నవ్వుతుంది. నవ్వనీ. నా రెండు కళ్లూ నాకున్నాయంటే మావయ్య చలవే, కాదనను. కానీ ఆ పొద్దుటిదాకా ఒక మనిషి చేతిలోంచి విల్లందుకుని, చూడకుండానే ఎక్కుపెట్టేదాన్ని. ఆ హాయి మళ్లీ ఎవరి దగ్గరా దొరకలేదు.