బూట్లు విప్పి ఎక్కాల్సిన కారు

షామిర్బెక్ బాబాయ్ కారెక్కాలంటే ముందు బూట్లు విప్పాలి. ఇంట్లోకి కాదండీ, కారులోకి! మా కొండ ఊరు నారిన్ నుంచి రాజధాని బిష్కెక్‌కి డబ్బులిచ్చి వెళ్లే మా అందరికీ ఇదే శిక్ష.

పోనీ కొత్త కారా? ఎప్పుడో మంత్రులు తిరిగిన నల్ల జర్మనీ కారు. తొమ్మిది లక్షల కిలోమీటర్లు నడిచింది. వెనక తలుపు తీగతో కట్టి ఉంటుంది. అద్దం దించితే మళ్లీ రెండు చేతులతో పైకి లాగాలి. దీనికి రోజూ తడిగుడ్డతో స్నానం, కింద ఆయన భార్య చేత్తో చేసిన ఉన్ని తివాచీ.

"గుమ్మం తొక్కకమ్మాయ్!"

"కారుకి గుమ్మమేమిటి బాబాయ్?"

"మీ ఇంటి గుమ్మం తొక్కుతావా? ఇదీ అంతే."

బూట్లన్నీ డిక్కీలోకి, తాళంచెవి ఆయన జేబులోకి.

ఆ జనవరిలో బిష్కెక్ లైబ్రరీలో నాకు మధ్యాహ్నం రెండింటికి ఇంటర్వ్యూ. మూడేళ్లుగా ఎదురుచూసిన ఉద్యోగం. ఎప్పటిలాగే దారిలోని కొచ్‌కోర్ బజారులో, ఎప్పుడూ ఆగే చోటే కారు ఆగింది.

"ఇంజను వేడెక్కింది. అరగంట విశ్రాంతి."

"ఉమ్మితే గడ్డకడుతోంది బయట! వేడెక్కడమేమిటి?"

"ముసలిది కదా," అంటూ దిగి, డిక్కీ తెరిచి, మూసి, ఎటో మాయమయ్యాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వేరే బండి చూసుకుందామంటే కాళ్లకి మేజోళ్లే! పక్క సీట్లో, ఉన్ని అమ్ముకునే జూరా పిన్ని మాత్రం ఉప్పటి కురుత్, అదే ఎండబెట్టిన పెరుగు ఉండ, చప్పరిస్తూ ముసిముసిగా నవ్వుతోంది. బాబాయ్ రాగానే విరుచుకుపడ్డాను.

"ఈ డబ్బాని పాత ఇనుముకి అమ్మి పారెయ్!"

"మెల్లగా. దానికి వినపడుతుంది," అని స్టీరింగ్ నిమిరి తాళం తిప్పాడు. బండి చక్కగా కదిలింది. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

రెండింటికి పది నిమిషాల ముందు లైబ్రరీ దగ్గర డిక్కీ తీశాడు. నా కుడి బూటు అడుగు ఎప్పుడో నోరు తెరిచింది. పొద్దున్నే జిగురు రాసి, ఇంటర్వ్యూలో కుర్చీ కింద దాచుకుందామనుకున్నాను. ఇప్పుడు రెండింటికీ కొత్త అడుగులు, గట్టి కుట్లు!

"ఇవి నావి కావు బాబాయ్."

"నీవే. ఇంజను వేడికి అతుక్కుని ఉంటాయి."

అప్పుడు గుర్తొచ్చింది, కొచ్‌కోర్‌లో కారు ఆగే చోట చెప్పులు కుట్టేవాడి కొట్టుందని.

"నావి పోయిన చలికాలం అతుక్కున్నాయిలే," అంది జూరా పిన్ని.

ఉద్యోగం వచ్చింది. మరుసటి నెల ఊరికి వస్తుంటే కొచ్‌కోర్‌లో కారు మళ్లీ అక్కడే ఆగింది. 'ఈసారి ఎవరి బూట్లో' అనుకుంటూ అందరం ఒకరి కాళ్లు ఒకరం చూసుకుని, నవ్వుకుంటూ గంటసేపు కూర్చున్నాం. చివరికి బాబాయ్ మోచేతుల దాకా మసితో వచ్చి అద్దం బాదాడు.

"పళ్లికిలిస్తారేమిటి? నిజంగానే పాడైంది! దిగి తొయ్యండి!"

"బూట్లివ్వు మరి!"

"డిక్కీ తాళమూ విరిగింది!"

గుమ్మం తొక్కకుండా దిగి, మేజోళ్లతోనే తోశాం.