అన్న కొలతకు కుట్టిన కోటు

మా అన్నకు ఆ కోటు అచ్చంగా సరిపోయింది. భుజాలు సరిపోయినాయి, చేతులు మణికట్టు దాకా వచ్చినాయి, ఛాతీ దగ్గర బిగుతూ లేదు, వదులూ లేదు. సరిపోకుండా ఎందుకుంటుంది? ఆయన కొలతకే కుట్టించినాను. కానీ అది నా కోటు. ఇన్నేళ్ళ తర్వాత ఈ మాట రాస్తుంటే కూడా కలం కాగితంలోకి దిగబడుతోంది.

ఎనభైల మొదట్లో నేను ఆళ్ళగడ్డలో బాలవాడి టీచరును. నాయన పోయినాక పదో తరగతితో నా చదువు ఆగిపోయిందని ఇంట్లో చెప్పేవాళ్ళు. ఆగిపోలేదు, అన్న ఆపించినాడు. ఆయన ఆపించలేనిది ఒక్కటే, శాఖా గ్రంథాలయం. పిల్లలను ఇండ్లకు పంపి, సాయంత్రం నేరుగా అక్కడికే పోయేదాన్ని. ఆడవాళ్ళు రారు కాబట్టి ఆడవాళ్ళకు బెంచీ ఉండేది కాదు. లైబ్రేరియన్ తన బల్ల పక్కన నాకొక స్టూలు వేయించినాడు. కోళ్ళ పెంపకం, నక్షత్రాలు, ప్రథమ చికిత్స, కొండలెక్కినవాళ్ళ అనుభవాలు, వేడి ఎట్లా ప్రయాణిస్తుందో చెప్పే సైన్సు పుస్తకం, ఏది దొరికితే అది చదివినాను. నీ చదువేంది అని ఎవరైనా అడిగితే డిగ్రీ పేరు చెప్పలేను. ఆ బీరువా పై అర నుంచి కింది అర దాకా చదివినానని చెప్తాను. ఆ మాట చెప్పేటప్పుడు తల దించుకోను.

అక్కడి పేపర్లోనే చూసినాను, మే నెలలో హిమాలయాల్లో ఆడవాళ్ళకు నడక శిబిరమని. తిండి, గుడారం, రైలు చార్జీ వాళ్ళవే. మంచు దాకా తీసుకుపోతారు. అర్జీ పెట్టినాను, ఎంపికైనాను. ఎవరి సామాను వాళ్ళే వీపున మోసుకొని నడవాలి కాబట్టి, బరువు లేని వెచ్చని కోటొకటి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలన్నారు.

అన్న నంద్యాలలో ఎరువుల అంగట్లో పని చేసేవాడు. దినమూ మోటార్ సైకిల్ మీద పోయి వచ్చేవాడు. నాయన తర్వాత ఇంటికి పెద్ద తానే గనక, తీర్పు కూడా తానే చెప్పినాడు.

"నీకు చిన్నప్పట్నుంచి పడిశం పడితే రొమ్ములోకి దిగుతాది. మంచులో యాడ పోతావ్‌మే?"

"కోటు వేసుకొని పోతాన్నా."

ఆయన అమ్మ వైపు చూసి నవ్వినాడు. "సరే. చలికి తట్టుకునే కోటు దొరికితే పో. దొరక్కపోతే మాట్లాడాకు."

ఎండలు ముదురుతున్న కాలంలో నంద్యాలలో చలికోటు దొరకదని ఆయన ధైర్యం. నేను సరే అన్నాను. అమ్మ వింటూనే ఉంది.

మరుసటి ఆదివారం చర్చి కాగానే ఆయన వెంట నంద్యాల పోయినాను. ఉన్ని గుడ్డలు అమ్మే అంగడి ఒకటే ఉండేది. అంగడాయన నన్ను చూడలేదు, అన్నను చూసి మాట్లాడినాడు. "ఎవరికప్పా? నీకా? ఆడమనిషికా? ఆడోళ్ళకు శాలువా ఉండాది." నేనే అడిగినాను, చేతులున్న కోటు కావాలని. అప్పుడూ అన్నతోనే చెప్పినాడు. "ఆడోళ్ళకు కోట్లు రావప్పా." చివరికి ఒక మగవాళ్ళ స్వెటరు బల్ల మీద పడేసినాడు. నేను దాన్ని అరచేతి మీద పరిచి, పైనుంచి నోటితో ఊదినాను. గాలి అవతలి పక్క చేతికి తగిలింది.

"ఏమ్మా, పీకె ఊదుతాండావా?" అన్నాడు అంగడాయన. అన్న కూడా నవ్వినాడు.

"ఇందులో గాలి దూరుతోంది. కొండ మీద పనికిరాదు," అన్నాను. తర్వాత ఒక ఉన్ని కోటు తీసినాడు. గాలి ఆగింది గానీ, చేతిలోకి తీసుకుంటే గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టుంది. అది వేసుకొని, మూట వీపున పెట్టుకొని ఎక్కడి దాకా నడుస్తాను? వద్దన్నాను.

బయటికి రాగానే అన్న, "చూసినావా, దొరకలే. ఇంగ మాట్లాడాకు," అన్నాడు.

ఆయనకు ఒకటి తెలియదు, నాకు తెలుసు. గుడ్డకు వేడి ఉండదు, ఉన్నికి ఉండదు. వేడి మన ఒంటిదే. అది పారిపోకుండా కదలని గాలి పొర ఒకటి ఒంటి చుట్టూ నిలబడాలి. గాలికి బరువు ఏమంత ఉంటుంది? కాబట్టి వెచ్చని కోటు బరువుండాలనేది ఉత్త మాట. బయటి దేశాల్లో పక్షి ఈకలు కూర్చి కుడతారని చదివినాను. మా వీధి చివర కోళ్ళు కోసే చోటు నుంచి సంచి నిండా ఈకలు తెచ్చి, కడిగి, ఎండబెట్టినాను. ఇల్లంతా కంపు. అమ్మ సంచితో సహా దిబ్బలో పోసి వచ్చింది.

అది బూరుగు కాయలు పగిలే కాలం. రుద్రవరం నుంచి దిండ్లకు ఆ దూది అమ్మకానికి వచ్చేది. రెండు గిన్నెల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో మిల్లు దూది, ఇంకోదాంట్లో బూరుగు దూది వేసినాను. మిల్లు దూది ముద్దయి మునిగింది. బూరుగు దూది తేలుతూనే ఉంది. పిడికిట్లో నలిపి వదిలితే మళ్ళీ పొంగింది. పై గుడ్డకు గొడుగులు బాగుచేసే ఆయన దగ్గర నైలాన్ గొడుగు గుడ్డ కొన్నాను. దాన్ని ఊది చూసినాను. ఎంత ఊదినా అవతలికి గాలి రాలేదు.

టైలరు దగ్గర మళ్ళీ అదే కథ. జాకెట్లు కుట్టే ఆయన, కోటు నాకు చేతకాదు అన్నాడు. కోట్లు కుట్టే ఆయన, ఆడోళ్ళ కొలత నేను తీసుకోను అన్నాడు. "మీ ఇంట్లో మగోళ్ళ చొక్కా తేమ్మా, దాని కొలతకు కుడతా." ఒంట్లో చలి నాది, కొండ ఎక్కే కాళ్ళు నావి, కొలత మాత్రం ఇంట్లో మగవాడిది. ఇంకేం చేస్తాను? అన్న పాత చొక్కా తీసుకుపోయి ఇచ్చినాను. మేమిద్దరం ఇంచుమించు ఒకే ఎత్తు. జానెడు దూరానికి ఒక వరస చొప్పున అడ్డంగా కుట్టు వేయమని, మధ్యలో దూదిని వదులుగా వదిలేయమని పదిసార్లు చెప్పినాను. ఆయన గొణుక్కుంటూనే అట్లే కుట్టినాడు.

ఆ కోటు ఉబ్బి, దిండుకు చేతులు వచ్చినట్టు కనిపించింది. ఎత్తితే బరువే లేదు. ఆ రోజు నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

రెండో దినం బాలవాడి నుంచి వచ్చేసరికి అమ్మ వసారాలో కూచొని దాన్ని కుడుతోంది. మా ఇండ్లల్లో బొంత కుడితే సందు లేకుండా కుట్టాలి. కుట్టు పక్కన కుట్టు, గింజ పెట్టడానికి చోటుండకూడదు. ఎంత దగ్గరగా కుడితే ఆ ఇంటి ఆడదానికి అంత పేరు. అమ్మ బొంతలకు వీధిలో పేరుండేది. నా కోటు వీపంతా అట్లా కుట్టి పెట్టింది. అది అట్టలాగా చదునైంది.

"ఏందిమా ఇది?"

"వాడు దొంగ కుట్టు కుట్టినాడు. దూదంతా జారిపోతాది. గట్టిగా కుట్టినా చూడు."

"దూది వదులుగా ఉంటేనే గాలి నిలుస్తాదిమా. గాలి లేకపోతే ఏం లేదు."

"గాలి దూరితే చలి గదమే," అంది అమ్మ, నాకు మతి చెడిందేమోనన్నట్టు చూస్తూ.

నేను బ్లేడు తెచ్చి, ఆమె ఎదురుగానే ఒక్కొక్క కుట్టూ తెంపినాను. ఆమె లేచి లోపలికి పోయింది. రెండు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. నాకూ కోపం తగ్గలేదు. ప్రేమతో చేసినా పాడైంది పాడైనట్టే గదా.

కోటు తీసుకుపోయి, వసారాలో స్నేహితులతో కూచున్న అన్న ముందు పెట్టినాను. ఆయన రెండు వేళ్ళతో ఎత్తి, "గొడుగా ఇది? ఊదితే ఎగిరిపోయేట్టుండాది. ఇది చలికి ఆగుతాదని ఎవరు చెప్పినారు?" అన్నాడు.

"పుస్తకాల్లో ఉండాది."

"పుస్తకాలు. అయితే ఐస్ ఫ్యాక్టరీలో కూచుంటావా ఈ కోటేసుకొని? నా స్నేహితుడు ఆడ మేనేజరు."

"కూచుంటా. నువ్వు గూడ కూచో. నాయన పెండ్లి కోటుండాది గదా, బరువైంది. ఎవరు ముందు తలుపు కొడతారో చూద్దాం."

నలుగురు వింటుండగా అన్నాను కాబట్టి ఆయన వెనక్కు పోలేకపోయినాడు.

ఫ్యాక్టరీకి పోయిన రోజు బయట నంద్యాల నిప్పుల్లో కాలుతోంది. లోపల దిమ్మలు నిలవుంచే గదిలో గోడ పొడుగునా ఐసు, దాని మీద వరి ఊక కప్పి ఉంది. పనివాళ్ళు తలుపు దగ్గర గుంపుగా నిలబడి నవ్వినారు. "అన్నా, చెల్లెలికి పెండ్లి చేయమంటే ఐసు చేస్తాండావా?" అన్నాడొకడు. తలుపు మూసినారు. నాయన పెండ్లి కోటు గుండీలన్నీ పెట్టుకొని అన్న ఒక పీట మీద, నేను ఇంకో పీట మీద. గోడకు చిన్న బల్బు. నా వీపుకు కొంచెంసేపు ఏమీ తెలియలేదు. తర్వాత నిదానంగా వెచ్చన మొదలైంది. నా ఒంటి వేడే నాకు తిరిగి వచ్చింది.

"ఈ ఊక ఎందుకు కప్పినారో తెలుసాన్నా?" అన్నాను. "ఊకలో గాలి నిలబడుతాది. బయటి వేడిని లోపలికి రానియ్యదు. నా కోట్లో దూదీ అదే పని చేస్తాది, లోపలి వేడిని బయటికి పోనియ్యదు."

"పాఠం చెప్పాకు," అన్నాడు. చలికి ఆయన పండ్లు కొట్టుకుంటున్నాయి. కాసేపటికి లేచి తలుపు కొట్టినాడు. ఇంకా కాసేపు కూచుందామని నేను అక్కడే కూచున్నాను. బయటి నుంచి ఎవరో, "ఆయమ్మ నిద్దరపోయిందేమో చూడండప్పా," అన్నారు.

నేను గెలిచినానని అనుకున్నాను. మోటార్ సైకిల్ మీద ఆళ్ళగడ్డకు వచ్చినాం. ఇంటి ముందు దిగినాక అన్న అన్నాడు. "కోటు బాగానే ఉండాది. అయినా పోవద్దు."

"ఎందుకు?"

"ఫ్యాక్టరీ పనోళ్ళంతా చూసిరి. నా చెల్లెలు ఐసు గదిలో కూచునిందని రేపు ఊరంతా చెప్పుకుంటారు. ఇంగ ఒక్కతే కొండలకు గూడ పోయిందంటే నా పరువేం గావాల?"

కూచోమన్నది ఆయనే. అప్పుడు అర్థమైంది నాకు. కోటు ఎప్పుడూ అడ్డం కాదు. కోటు దొరకదనే నమ్మకంతో దాన్ని అడ్డం పెట్టినాడు. దొరికితే ఇంకోటి పెట్టినాడు. అదీ తప్పుకుంటే మరొకటి పెడతాడు. పుస్తకాలన్నీ చదివి, దూది తేల్చి, గుడ్డ ఊది, నేను జవాబు చెప్పుకుంటూ తిరిగింది అసలు ఎవరూ అడగని ప్రశ్నకు. అమ్మ గడపలో నిలబడి విన్నది. ఒప్పందం అప్పుడు విన్న మనిషే. లోపలికి పోయి అన్నకు కాళ్ళు కడుక్కోను నీళ్ళు తెచ్చి పెట్టింది.

మే నెల పోయింది. శిబిరం వాళ్ళు నా బదులు ఇంకెవరినో తీసుకుపోయి ఉంటారు. కోటును పాత చీరలో చుట్టి పెట్టెలో పెట్టినాను.

ఆ డిసెంబరులో ఒక పొద్దున బాలవాడికి పోతున్నాను. పొగమంచు పట్టి ఉంది. బస్టాండు ఎదుటి టీ అంగడి ముందర అన్న మోటార్ సైకిల్ ఆపుకొని టీ తాగుతున్నాడు. ఒంటి మీద నా కోటు. పక్కాయన దాన్ని పట్టి చూస్తున్నాడు.

"యాడ కొన్న్యావప్పా? బలే తేలిగ్గుండాది."

"నంద్యాలలో కుట్టించిన. బరువుండదు, గాలి దూరదు. లోపల గాలి నిలబడితేనప్పా వేడి," అంటున్నాడు మా అన్న. నా మాటలే, ఐసు గదిలో చెప్పినవే.

నేను రోడ్డు దాటి పోయినాను. "విప్పు," అన్నాను.

"ఏందిమే?"

"నా కోటు. విప్పు."

"అమ్మే ఇచ్చింది, మూల పడుండాది గదా అని. ఇంటికొచ్చినాక ఇస్తాలే, పో."

"ఈడనే."

టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకొని చూస్తున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన పరువు సంగతి ఆయనకంటే నాకే బాగా తెలుసు. అందుకే కదల్లేదు. గుండీలు తీసి నా చేతుల్లో పెట్టినాడు. లోపల పలుచని టెరిలిన్ చొక్కా.

"నంద్యాల దాకా ఈ చలికి నేనెట్ల పోయేది?" అన్నాడు మెల్లగా.

"చలికి తట్టుకునే కోటు దొరికితే పో," అన్నాను. "దొరక్కపోతే మాట్లాడాకు."

అక్కడే వేసుకొని బాలవాడికి పోయినాను. ఎండెక్కినా విప్పలేదు. పిల్లలు వచ్చి ఉబ్బిన చేతులను నొక్కి నొక్కి చూసినారు.

మరుసటి ఏడాది మళ్ళీ అర్జీ పెట్టినాను. ఈసారి ఎవరినీ అడగలేదు. బయల్దేరే పొద్దున చెప్పి బయల్దేరినాను. అన్న పేపరు మీద నుంచి తల ఎత్తలేదు. అమ్మ చద్ది కట్టి ఇచ్చింది.

కోటు నేను అనుకున్నట్టే పని చేసింది. కొండ మీద గుడారం బయట నిలబడి, మొదటిసారి మంచును చూసినాను. కాలరు పైకి లాగి మెడ చుట్టూ పెట్టుకుంటే అన్న తలనూనె వాసన వచ్చింది. ఉతికితే ఆ దూది గడ్డలు కడుతుంది. అందుకని ఉతకలేదు. ఆ వాసన పీల్చుకుంటూనే చూడవలసి వచ్చింది, అంత తెల్లని మంచును.