ఆరోక్యమేరి చదివిన ‘ఓ’

మద్రాసు రాయపురంలో నేను అక్షరాలు కూర్చిన అచ్చాఫీసుకు వైద్య పుస్తకాలే ఆధారం. ప్రూఫుల గదిలో ఇద్దరే ఉండేవారు. ఆరోక్యమేరి రాతప్రతిని పైకి చదివేది. సబాపతి ముదలియార్ వింటూ, ప్రూఫు చూసి తప్పులు దిద్దేవారు. మేరి ఎనిమిదో తరగతితో బడి మానేసినా, ఇంగ్లీషు గుక్క తిప్పుకోకుండా చదివేది.

అరవై ఎనిమిదిలో ఒక కడుపు డాక్టరు పుస్తకం వేశాం. వారం తిరక్కుండానే ఆయన దాన్ని పట్టుకుని ఊడిపడ్డాడు. ఒంట్లో ఊరే జిగురు మ్యూకస్. అది ఊరే పొర మ్యూకస్ పొర. పలకడంలో తేడా లేదు గానీ, పొర ముందు రాసే ఇంగ్లీషు మాటలో (mucous) ‘ఓ’ అక్షరం ఒకటి ఎక్కువ. పదిహేడు చోట్ల ఆ ‘ఓ’ ఎగిరిపోయింది. కూర్చింది నేనే. తల వంచుకుని అక్షరాలు ఏరుకుంటూ ఉండిపోయాను.

"చదువుతూ కునుకు తీశావా?" అని యజమాని మేరి మీద పడ్డాడు.

"ఆమె ఎలా పలికినా ఒకలాగే వినబడుతుందయ్యా. చూడాల్సిన కళ్ళు నావి," అన్నారు ముదలియార్.

మేరి మాత్రం డాక్టరు వెంట మెట్ల దాకా పరిగెత్తింది. "సార్, ఏది ఎప్పుడు రాయాలో ఎలా తెలుస్తుంది?"

ఆయన విసుగ్గానే ఆగాడు. "వస్తువు పేరైతే ఓ లేదు. ఎలాంటి పొర, ఎలాంటి గ్రంథి అని చెప్పే మాటైతే ఓ ఉంటుంది."

"అంటే చీమిడికి లేదు, చీమిడి ముక్కుకి ఉంది. అంతేనా సార్?"

డాక్టరు కోపం మరిచిపోయి పకపకా నవ్వాడు.

మర్నాటి నుంచి ‘ఓ’ ఉన్నచోటల్లా మేరి "మ్యూక్... ఓస్" అని సాగదీసి చదవసాగింది. ఇదే తేడా ఉన్న ఫాస్ఫరస్, ఫంగస్, దేన్నీ వదల్లేదు. మేమంతా ఆటపట్టించాం.

"ఓస్ అక్కా, టీ తాగుతావా?" అన్నాను ఒకరోజు.

"ముందు నువ్వు మింగిన ఓలన్నీ కక్కరా, తర్వాత తాగుదాం!"

రెండేళ్ళకు ఆ పుస్తకం మళ్ళీ అచ్చుకొచ్చింది. చదువుతూ చదువుతూ మేరి ఒకచోట ఆగిపోయింది. జిగురు ఎక్కువగా పడుతుందన్న వాక్యంలో డాక్టరే ‘ఓ’ పెట్టి రాశాడు.

"రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టే వెయ్యాలి కదమ్మా. మళ్ళీ ఆయన చేత తిట్లు తిందామా?" అన్నారు ముదలియార్.

"తింటే నేను తింటా లెండి అయ్యా. పడేది వస్తువే కదా!"

ముదలియార్ అంచున ప్రశ్న గుర్తు పెట్టి, ప్రూఫు డాక్టరుకు పంపారు.

నాలుగో రోజు డాక్టరు స్వయంగా వచ్చాడు. "ఈ ప్రశ్న ఎవరిది?"

"నాదే సార్." మేరి అరచేతులు చీరకు తుడుచుకుంది.

"ఇద్దరు ప్రొఫెసర్లు చూశారమ్మా దీన్ని. ఒక్కరికీ కనబడలేదు." యజమాని ఎదుటే కలం తీసి ఆ ‘ఓ’ కొట్టేశాడు.

ముందుమాట రాతప్రతి అన్నిటికంటే చివర్న వచ్చింది. మేరి ఎప్పటిలాగే గడగడా చదువుతూ, కృతజ్ఞతల దగ్గర టక్కున ఆగింది.

"ఏమ్మా, ఏమైంది?"

"నా పేరుందయ్యా."

"ఉంటే చదువు. ఒక్కో అక్షరం చెప్పు, సరిచూడాలి."

మేరి ఒక్కో అక్షరమే చెప్పింది. ముదలియార్ రెండుసార్లు చెప్పించుకున్నారు.