కోక్ కుప్పకు వానదేవుడు

యార్డులో అందరూ అతన్ని వానదేవుడు అంటారు. ఎగతాళికే అనుకోండి, అయినా పేరు బాగానే కుదిరింది. పెట్రోలియం కోక్ కుప్పల మీద గొట్టంతో నీళ్ళు చల్లడం అతని ఉద్యోగం. ముడిచమురు నుంచి పెట్రోలు, డీజిలు, ఇంకా పనికొచ్చేవన్నీ లాగేసుకున్నాక అడుగున తారులాంటి మడ్డి మిగులుతుంది. దాన్ని బాగా కాచి ఎత్తైన డ్రమ్ముల్లోకి పంపితే గట్టిపడి బొగ్గులా తయారవుతుంది. అదే కోక్. జోరు నీటిధారతో కోసి కింద పడేస్తారు, లారీల్లో యార్డుకు తోలతారు. తడిగా ఉన్నంతసేపూ బుద్ధిగా పడుంటుంది. ఆరిందా, చిన్న గాలికే లేచి ఊరి మీద పడుతుంది.

ఊళ్ళో మొదట తగిలే ఇల్లు అతనిదే.

ఆ ఇల్లు కట్టినప్పుడు గోడ అవతల అంతా ఖాళీ స్థలం. గాలీ వెలుతురూ బాగుంటాయని మొగుడూపెళ్ళాలు మురిసిపోయారు. తర్వాత కుప్పలొచ్చి పడ్డాయి. అమ్మేద్దామంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళు కిటికీ చట్రం మీద వేలు పెట్టి, నల్లబడ్డ ఆ వేలు చూసుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయేవారు. ఆపైన భార్యకు ఆయాసం పట్టుకుంది. ఆమె రెండు మెట్లు ఎక్కి గోడ పట్టుకుని నిలబడితే అతని ప్రాణం ఉసూరుమనేది. అందుకే మెకానిక్ షెడ్డులో నీడపట్టున ఉన్న పని వదులుకుని, ఏరికోరి ఈ గొట్టం పట్టాడు. కుప్ప ఎలాగూ కదలదు, కనీసం నీళ్ళయినా తన చేతిలో ఉంటాయని.

ఉన్నాయా? అక్కడే వచ్చింది చిక్కు. కోక్‌లో నాసిరకమైతే సిమెంటు బట్టీల్లో మండడానికి పోతుంది. మేలురకాన్ని కొలిమిలో మళ్ళీ కాలుస్తారు. అప్పుడది కరెంటు పారే సరుకవుతుంది, అది లేనిదే అల్యూమినియం తయారు కాదు. మనింట్లో సత్తుగిన్నె వెనక కూడా ఈ మసే ఉంది. కాల్చేవాళ్ళకు తడి సరుకంటే ఒళ్ళుమంట. ముందు నీళ్ళను ఆవిరి చేసి పంపాలి, ఆ తర్వాతే కోక్ కాలేది. అందుకని లోడింగ్ ముందు రోజు నీళ్ళు కట్టెయ్యాలని ఆర్డరు.

ఒకసారి అతను వినలేదు. కట్టేశానని చెప్పి చాటుగా చల్లాడు. తడి సరుకు మాకొద్దని కొలిమివాళ్ళు లారీలన్నీ తిప్పి పంపారు. సూపర్‌వైజర్ కేకలెయ్యలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"నువ్వు చెయ్యనంటే ఇంకొకణ్ణి పెడతాం" అన్నాడు భుజం మీద చెయ్యేసి. "వాడు మామూలు రోజుల్లోనైనా మీ ఇంటివైపు చల్లుతాడని నమ్మకమేంటి? నువ్వే ఆలోచించుకో."

ఏం ఆలోచిస్తాడు పాపం. మిగతా రోజుల్లో చల్లనిస్తే చాలని, లోడింగ్ వచ్చినప్పుడల్లా నోరుమూసుకుని కట్టేస్తున్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెప్పే మొహం లేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ ఆర్డరు వచ్చింది. గాలి సరిగ్గా ఇంటివైపే వీస్తోంది. వాల్వు బిగించాడు. గొట్టం చివర నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి. మధ్యాహ్నానికి కుప్ప మీద తడి మెరుపు పోయింది, కాసేపటికి దుమ్ము పొగలా లేచింది. అది గోడ దాటి తన ఇంటి కప్పు మీదికి పోతుంటే, గొట్టం చేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో పాలుపోక తన మీదే తెచ్చుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి తలుపులన్నీ బిగించి ఉన్నాయి. కిటికీకి తడి దుప్పటి వేలాడుతోంది. భార్య మంచం మీద కూర్చుని ఒక్కో ఊపిరీ లాక్కుంటోంది. అతన్ని చూసి నవ్వబోతే దగ్గు తెర వచ్చింది.

"ఇవాళ మిమ్మల్ని ఇంకో పనికి పంపారా?" అంది తేరుకున్నాక.

"ఊఁ."

"అనుకున్నా. మీరుంటే ఇంత దుమ్ము రానిస్తారా? మీ బదులు ఎవర్ని పెట్టారో." ఆగి ఊపిరి తీసుకుంది. "వాడికి ఇంట్లో పెళ్ళాం లేదా?"

"ఉంది" అన్నాడు.

దుప్పటి అప్పటికే ఆరిపోతోంది. బకెట్ తెచ్చుకుని, చెంబుతో దాని మీద నీళ్ళు చల్లసాగాడు.