ఏం సమజైందో చెప్పు

మాదన్నపేట సుదర్శన్ సారు పరమపదించారన్న వార్త నేను బస్సులో ఉండగా ఫోనులో వచ్చింది. నిశ్చేష్టుడినయ్యాను. ఆ తర్వాత, దాచడమెందుకు, నేను రాసేదేదీ ఇక ఆయన ఎర్ర కలానికి దొరకదు కదా అని ఒక నీచమైన ఊరట కూడా కలిగింది.

సారు భాషాశాస్త్ర ఆచార్యులు. పాండిత్యం అపారం, దయ మాత్రం పూజ్యం. పరిశోధక విద్యార్థులకు స్పష్టంగా రాయడం నేర్పడమే ఆయన జీవితవ్రతం. వినేవాడి బుద్ధిలో చోటు తక్కువ, తెలిసినది ముందు చెప్పి తెలియనిది తర్వాత చెప్పాలి అనేవారు. కర్త ఒక మూల, క్రియ ఇంకో మూల ఉంటే నడుమ మనిషి తప్పిపోతాడనేవారు. "సదివెటోనికి సమజ్ గాకపోతే తప్పు వానిది గాదు, నీది" అన్నది ఆయన సూత్రం.

ఆదివారం పొద్దున వాళ్ళ వాకిట్లో చేరేవాళ్ళం. ఒక్కొక్కరం ఒక్కో పుట పైకి చదవాలి. ఆయన భార్య అండాళమ్మ చేట ముందు పెట్టుకుని, మార్కెట్ నుంచి తెచ్చిన ఆకుకూర బాగుచేస్తూ వినాలి. పుట కాగానే సారు ఆమె వైపు తిరిగి "ఏం సమజైందో చెప్పు" అనేవారు. ఆమె తిరిగి చెప్పగలిగినదే మిగిలేది. ఆమె "సమజ్ గాలే" అన్నచోట ఎర్ర గీత పడేది. మొదటిరోజే ఆమెను మాకు పరిచయం చేశారు. "ఈమె సదివింది నాలుగు దాకనే. ఈమెకు సమజైతే గోడకు గూడ సమజైతది."

మేమంతా నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆమె తల ఎత్తలేదు.

నేను కిషన్‌బాగ్ బస్సు డ్రైవరు కొడుకుని. పెద్ద మాటలు రాస్తేనే పెద్దవాణ్ణి అవుతాననుకున్న రోజులవి. నా మొదటి అధ్యాయం ఐదుసార్లు గీతల పాలైంది. ఆరోసారి ఏడుపు దిగమింగుకుంటూ చదివితే అండాళమ్మ పుటంతా పొల్లుపోకుండా అప్పజెప్పి, చివరి వాక్యం దగ్గర ఆగింది. "నాకైతే సమజైంది గని, గీ పిలగానికే సమజైనట్టు లేదు" అంది. నిజమే, ఆ వాక్యం నేను ఎవరి పుస్తకంలోంచో ఎత్తి రాసినది. సారు పకపకా నవ్వి, చూశావా గోడ కూడా మాట్లాడింది అన్నారు. ఆ ఘనతనూ తన పద్ధతికే కట్టబెట్టుకున్నారు. నేనేం తక్కువ తిన్నానా? నా సిద్ధాంత గ్రంథం తొలి పుటలో టైపు చేసినాయన దాకా అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. ఆమె పేరు రాయలేదు.

రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి సారుకు మాట పడిపోయింది. జీవితమంతా వాక్కును ఉపాసించిన మనిషి నోట గురగుర తప్ప మరేమీ రాలేదు. చూడవచ్చినవాళ్ళు అండాళమ్మ వైపు తిరిగి ఏమంటున్నారని అడిగేవారు. నీళ్ళనో, దిండు సర్దమనో ఆమె ఓపిగ్గా చెప్పేది. ఒకనాడు నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన ఆమెనే చూస్తూ చాలాసేపు ఏదో చెప్పారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పనిచేసే ఆ ఒక్క చెయ్యి ఆమె కొంగు కోసం తడుముకుంటోంది. ఏమంటున్నారమ్మా అని అడిగాను.

"నాకు సమజ్ గాలే" అని ఆమె చేట దగ్గరికి లాక్కుంది.

ఆమెకు అర్థమైంది. నాకే అర్థమైతే ఆమెకు కాకపోవడమేమిటి? సారు ఆ మాట విన్నారు. కాసేపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడెప్పుడూ ఆయన ఆ ప్రయత్నం చేయలేదు.

పదో రోజు వెళ్ళి, ఒక్క ముక్క దాచకుండా ఈ వ్యాసాన్ని అదే వాకిట్లో ఆమెకు చదివి వినిపించాను. ఇంకెవరికి వినిపించను? ఆమె అంతా అప్పజెప్పింది, కొంగు సంగతితో సహా. ఉన్నదే రాసినవ్ బిడ్డా అంది. "సారు లేని లోటు తీరనిది" అని నేను ముగించిన చోట మాత్రం ఆగింది.

"ఎవరికి?" అని అడిగింది.

ఆ వాక్యాన్ని మళ్ళీ చూసుకున్నాను. ఆమె ఎదురుచూసింది. చివరికి, నాకమ్మా అన్నాను.

"గట్లయితే గట్లనే రాయి."

గురుపాదాలకు సాష్టాంగపడుతూ, అమ్మ దిద్దినట్టే రాస్తున్నాను. సారు లేని లోటు నాకు తీరనిది.