గీత దాకా రక్తం

ఆ క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ నీలిమూతక్క అంటారు. నీలం మూత గొట్టంలో రక్తం గీత దాకా లేకపోతే, తెచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా వెనక్కి పంపేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుందని నర్సులు సణుగుతారు. సణగనివ్వండి. ఆమె పట్టిన కుందేలుకు నాలుగు కాళ్లూ ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్నే పైవార్డులోని ముసలి దర్జీకి ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందేమోనని భయం. అనుమానం తక్కువేనని కుర్ర డాక్టరు తేల్చాడు గానీ, అనుమానం అనుమానమే. స్కాన్ తీయాలంటే నరంలోకి రంగుమందు ఎక్కించాలి. క్యాన్సర్ మందులకే సగం చచ్చిన ఆయన కిడ్నీలు దాన్ని తట్టుకోవు. ఇక మిగిలింది ఒక రక్తపరీక్ష. అందులో అంకె తక్కువొస్తే గడ్డ లేనట్టే. క్యాన్సర్ రోగుల్లో చాలామందికి గడ్డ లేకపోయినా ఎక్కువే వస్తుంది, అదే చిక్కు.

గొట్టం కింద ల్యాబుకొచ్చింది, సగానికే నిండి. నీలిమూతక్క తిప్పి పంపింది. డాక్టరే దిగొచ్చాడు.

"నరాలు దొరకట్లేదక్కా. మూడుసార్లు పొడిచాం. ఉన్నదాంతోనే కానిచ్చేయండి."

"కానిస్తే తక్కువే వస్తుంది బాబూ. గొట్టంలో ముందే మందునీళ్లుంటాయి కదా, రక్తం చాలకపోతే పల్చబడిపోతుంది. ఆ అంకె నమ్మి మీరు ఆయన్ని ఇంటికి పంపేస్తే?"

డాక్టరు కొత్త గొట్టం ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమే పైకెళ్లింది. దర్జీ చేతికి వేడినీళ్ల గుడ్డ చుట్టి, పక్కన కూర్చుని, ఆయన కుట్టిన పెళ్లిబట్టల కబుర్లన్నీ ఓపిగ్గా వింది.

"పిడికిలి బిగించు బాబాయ్," అంది చివరికి. మణికట్టు పక్కన సన్నటి నరం ఒకటి తేలింది. రక్తం గీత దాకా వచ్చింది.

అంకె ఐదొందలు దాటకూడదు. మూడొందల పది. మళ్లీ చేసింది, మూడొందల ఎనిమిది. ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. మెట్లెక్కి తనే చెప్పింది. గడ్డ లేదు, స్కాన్ అక్కర్లేదు. ఆయాసం రక్తం తగ్గినందుకేనని మరో గొట్టం చెప్పింది.

రక్తం ఎక్కించాక, సాయంత్రం దర్జీ తన భార్య చెయ్యి పట్టుకోకుండా వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. ఎక్కడా ఆగలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నీలిమూతక్క సిగ్గు లేకుండా ఏడ్చేసింది.